బంగారం–పలాడియం క్యాటలిస్ట్ పైపొరలో ఏ లోహం ఎంతుందో కొలవడం ఎలా

వన్ గ్రామ్ గోల్డ్ గొలుసును యాసిడ్‌లో కరిగించి లెక్క తీస్తే దాదాపు అంతా రాగో ఇత్తడో అని తేలుతుంది. అదే గొలుసు మెడలో చూసినవాళ్లకు బంగారమే. రెండు జవాబులూ సరైనవే, అడిగిన ప్రశ్నలే వేరు. రెండు లోహాలు కలిపి చేసే ఉత్ప్రేరకాల్లోనూ (క్యాటలిస్టుల్లోనూ) ఇదే సంగతి. మనం ఫ్లాస్కులో ఉప్పులు వేసిన నిష్పత్తి ఒకటి, రేణువు మొత్తంలో ఉన్నది ఒకటి, వాయువు వచ్చి తాకే పైపొరలో ఉన్నది ఇంకొకటి. రియాక్షన్ జరిగేది ఆ పైపొర మీదే. అయినా చాలాసార్లు ఎక్స్‌పీఎస్ (ఎక్స్‌రే వేసి, బయటికొచ్చే ఎలక్ట్రాన్ల శక్తి కొలిచే పద్ధతి) రిపోర్టులో వచ్చిన అటామిక్ శాతాన్ని తెచ్చి "ఉపరితల కూర్పు" అని టేబుల్లో పెట్టేస్తుంటాం. నాలుగు నానోమీటర్ల రేణువుల విషయంలో అది తప్పు. ఎందుకు తప్పో, అసలు సంఖ్య ఎలా రాబట్టాలో, ఈ పని మొదటిసారి చేస్తున్నవాళ్ల కోసం రాస్తున్నాను.

ఉదాహరణకి సిలికా మీద బంగారం–పలాడియం తీసుకుంటాను. ఇది ఫ్యాక్టరీలో నిజంగా వాడే జంట: ఇథిలీన్, ఎసిటిక్ యాసిడ్, ఆక్సిజన్ కలిపి వినైల్ ఎసిటేట్ తయారుచేసేది పొటాషియం ఎసిటేట్ చేర్చిన ఈ లోహాల మీదే. టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీలో వేన్ గుడ్‌మన్ బృందం 2005లో చూపించింది ఏమిటంటే, ఈ రియాక్షన్‌కి బాగా పనికొచ్చేది పక్కపక్కన అంటుకోకుండా, బంగారం మధ్యలో తగినంత ఎడంగా కూర్చున్న రెండు పలాడియం పరమాణువుల జత అని. అంటే పైపొరలో పలాడియం ఎంతుంది అన్నదే కాదు, ఎలా పరుచుకుని ఉంది అన్నది కూడా తెలియాలి. మీ దగ్గరున్నది ప్లాటినం–టిన్ అయినా, పలాడియం–వెండి అయినా పద్ధతి ఇదే, పీకుల స్థానాలు మారతాయి.

మిషన్ దగ్గరికి వెళ్లే ముందు మూడు విషయాలు చేతిలో ఉండాలి. మొదటిది మొత్తం కూర్పు: శాంపిల్‌లోని లోహాలని ఆక్వారీజియాలో కరిగించి ఐసీపీతో (ద్రావణంలో ఏ మూలకం ఎంతుందో చెప్పే పరికరం) తీసిన నిష్పత్తి. రెండోది రేణువు సైజు, టెమ్ అనే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ నుంచి, కనీసం వందా రెండు వందల రేణువులు కొలిచి. మూడోది రిఫరెన్స్ శాంపిళ్లు, చాలామంది వదిలేసేది ఇదే. అదే సిలికా మీద అదే పద్ధతిలో చేసిన ఒట్టి పలాడియం, ఒట్టి బంగారం, ఆ రెండు పొడులనీ కల్వంలో కలిపిన ఉత్త మిశ్రమం. ఆ మిశ్రమంలో లోహాలు ఒకదానితో ఒకటి కలవలేదని మనకు ముందే తెలుసు కాబట్టి, మన అసలు శాంపిల్ స్పెక్ట్రమ్ దానికంటే వేరుగా రాకపోతే మిశ్రమలోహం ఏర్పడిందన్న మాటకే ఆధారం లేదు. అరపూట పని, నెలల తరబడి టెన్షన్ తప్పిస్తుంది.

ఇప్పుడు ఎక్స్‌పీఎస్. అల్యూమినియం కే-ఆల్ఫా ఎక్స్‌రే శక్తి 1486.6 ఎలక్ట్రాన్ వోల్టులు. దాంతో బయటికొచ్చే బంగారం 4ఎఫ్, పలాడియం 3డీ కక్ష్యల ఎలక్ట్రాన్లు లోహంలో శక్తి కోల్పోకుండా సగటున ఒకటిన్నర నుంచి రెండు నానోమీటర్లు ప్రయాణిస్తాయి. చదునైన లోహపు రేకు మీద లెక్కేస్తే, దాదాపు 0.23 నానోమీటర్ల మందం ఉన్న మొట్టమొదటి పరమాణు పొర నుంచి వచ్చే సిగ్నల్ మొత్తంలో 13 శాతం దగ్గర, అంతే. మిగతా 87 శాతం కింది పొరలది. ఎక్స్‌పీఎస్‌ని ఉపరితల పద్ధతి అనడం నిజమే, కానీ అది చూసే "ఉపరితలం" ఐదు నానోమీటర్ల లోతు. మన రేణువే నాలుగు నానోమీటర్లు!

దీని పర్యవసానం ఒక లెక్కతో చూడండి. నాలుగు నానోమీటర్ల రేణువులో మొత్తం మీద బంగారం, పలాడియం చెరి సగం. దాని బయటి పొరలో మొత్తం పరమాణువుల్లో సుమారు 30 శాతం ఉంటాయి. ఆ పొర అంతా పూర్తిగా బంగారమే అనుకుందాం, ఒక్క పలాడియం పరమాణువు కూడా బయట లేదు. ఎలక్ట్రాన్ ప్రయాణ దూరం 1.6 నానోమీటర్లుగా పెట్టి గోళానికి లెక్కేస్తే ఎక్స్‌పీఎస్ చూపించే బంగారం దాదాపు 60 శాతం. నిజం 100, కనిపించేది 60. రెండు లోహాలూ సమంగా కలిసి ఉంటే కనిపించేది 50. సపోర్ట్ (లోహాన్ని మోసే సిలికా లాంటి పొడి) మీద ఉన్న ఒక శాతం లోహానికి పీక్ ఫిట్టింగ్‌లోనూ సెన్సిటివిటీ ఫ్యాక్టర్లలోనూ (ఒక్కో పీక్ సహజంగా ఎంత బలంగా వస్తుందో చెప్పే అంకెలు) వచ్చే తప్పు సులభంగా ఐదు, పది శాతం ఉంటుంది కాబట్టి, ఆ 50కీ 60కీ మధ్య తేడా మీదే మొత్తం వాదన నిలబెట్టడం చాలా ప్రమాదం. కోణం మార్చి కొలిస్తే లోతు తెలుస్తుంది కదా అంటారు. అది చదునైన ఫిల్మ్‌కి పనిచేస్తుంది, గుండ్రని రేణువులున్న పొడికి ఏ కోణంలో చూసినా ఒకటే.

అయినా ఎక్స్‌పీఎస్ చేయాల్సిందే, ఎందుకంటే లోహం ఏ స్థితిలో ఉందో, క్లోరిన్ మిగిలిందో లేదో చెప్పేది అదే. కాబట్టి సరిగ్గా చేయండి.

శాంపిల్‌ని హైడ్రోజన్‌లో రెడ్యూస్ చేశాక గాలి తగలకుండా మిషన్‌లోకి చేర్చడం మొదటి పని. గాలి తగిలితే పలాడియం ఆక్సైడ్ అవుతుంది, అంతకంటే ముఖ్యం, ఆక్సిజన్ పలాడియాన్ని లోపలి నుంచి బయటికి లాగుతుంది. మిషన్‌కి అనుబంధంగా రియాక్షన్ సెల్ ఉంటే అందులోనే రెడ్యూస్ చేసి వాక్యూమ్‌లోంచే లోపలికి పంపండి, లేదంటే గ్లవ్‌బాక్స్‌లో ట్రాన్స్‌ఫర్ వెసల్‌లో పెట్టి మూయండి. మన దేశంలో ఎక్స్‌పీఎస్ ఎక్కడుందో ఐ-స్టెమ్ పోర్టల్‌లో వెతికి బుక్ చేసుకోవచ్చు, కానీ బుక్ చేసేముందే ఫోన్ చేసి "గాలి తగలకుండా పెట్టే వీలుందా" అని అడగండి. ఫారంలో ఆ గడి ఉండదు, అడిగితేనే చెప్తారు.

పొడిని చిన్న బిళ్లగా నొక్కి, లేదా ఇండియం రేకులోకి అదిమి పెట్టండి. లోపల వేడి చేసేది ఉంటే టేపు గానీ ఇండియం గానీ వాడొద్దు, ఇండియం 157 డిగ్రీలకే కరుగుతుంది. సిలికా విద్యుత్తును పోనివ్వదు కాబట్టి చార్జింగ్ తప్పదు, ఫ్లడ్ గన్ (పోయిన ఎలక్ట్రాన్లను తిరిగి పోసేది) వేసి, బైండింగ్ ఎనర్జీని (స్పెక్ట్రమ్‌లో పీక్ ఉండే చోటు) సపోర్ట్ సిలికాన్ 2పీ పీక్ 103.5 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గరికి తెచ్చి సరిచేయండి. చాలామంది కార్బన్ 284.8 వాడతారు. కానీ ఆ కార్బన్ ఎక్కడిదో ఎవరికీ తెలియదు, టేపుది కూడా కావచ్చు. సిలికా మనం వేసింది, శాంపిళ్లన్నిటిలోనూ అదే ఉంది, అందుకే నాకు దాని మీదే నమ్మకం.

స్కాన్ చేసేటప్పుడు బంగారం 4ఎఫ్ కోసం 80 నుంచి 95 వరకు, పలాడియం కోసం మాత్రం 325 నుంచి 365 వరకు వెడల్పుగా తీయండి. ఎందుకంత వెడల్పు? ఈ జంటలో ఉన్న అసలు గొడవ అక్కడే ఉంది. డీ కక్ష్య పీక్ ఎప్పుడూ 5/2, 3/2 అనే జోడీగా చీలి వస్తుంది. పలాడియం 3డీ 5/2 పీక్ 335 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర వస్తుంది. బంగారం 4డీ 5/2 పీక్ కూడా 335 దగ్గరే. ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. నా మొదటి శాంపిల్ రిపోర్టులో సాఫ్ట్‌వేర్ ఆ మొత్తాన్ని పలాడియం ఖాతాలో వేసేసింది. నేను ఆ సంఖ్యను నమ్మి మూడు నెలలు "పలాడియం పైకి తేలింది" అని కథ అల్లుకున్నాను. గైడ్ గారు ముడి డేటా చూసి 353 దగ్గర ఉన్న వెడల్పాటి గుట్ట మీద వేలు పెట్టి "ఇదేంటమ్మా?" అని అడిగేదాకా నాకు వెలగలేదు.

ఆ గుట్ట బంగారం 4డీ 3/2. అక్కడ పలాడియం ఏమీ లేదు కాబట్టి అది స్వచ్ఛంగా బంగారానిదే, దాన్నుంచి దాక్కున్న జోడీని లెక్కకట్టవచ్చు. 5/2, 3/2 పీకుల విస్తీర్ణాలు సిద్ధాంతం ప్రకారం 3:2. అనుకుందాం, 353 దగ్గర విస్తీర్ణం 4000 వచ్చింది, అప్పుడు 335 కింద దాక్కున్న బంగారం 6000. 330 నుంచి 345 వరకు మొత్తం విస్తీర్ణం 14000 అయితే పలాడియం వాటా 8000. బంగారం 4ఎఫ్ రెండు పీకులూ కలిపి 8500 అనుకోండి. స్కోఫీల్డ్ పట్టిక ప్రకారం సెన్సిటివిటీ సుమారుగా పలాడియం 3డీకి 16, బంగారం 4ఎఫ్‌కి 17. 8000ని 16తో, 8500ని 17తో భాగిస్తే రెండూ 500. చెరి సగం. అదే తీసివేయకుండా 14000ని 16తో భాగించి ఉంటే 875 వచ్చేది, పలాడియం 64 శాతం అని రాసేసేవాళ్లం. ఒక్క తీసివేతతో కథంతా తారుమారు.

ఇంకా మంచి దారి, ఒట్టి బంగారం శాంపిల్‌లో 325–365 ప్రాంతాన్ని అదే సెట్టింగులతో తీసి, ఆ ఆకారాన్నే యథాతథంగా 4ఎఫ్ నిష్పత్తిలో కుదించి తీసివేయడం. బంగారం 4డీ పీకులు చాలా వెడల్పు, మామూలు గాసియన్ గీతలతో ఫిట్ చేస్తే బ్యాక్‌గ్రౌండ్ ఎక్కడ గీశామన్న దాన్ని బట్టి జవాబు ఊగుతుంది. మిగిలిన పలాడియంలో రెండు పీకుల మధ్య దూరం 5.3 దగ్గర, విస్తీర్ణాలు 3:2 ఉన్నాయో లేదో చూడండి, లేకపోతే తీసివేత సరిగా జరగలేదు. 335 దగ్గర ఉంటే లోహం, 336.5–337 దగ్గర ఇంకో భుజం కనిపిస్తే ఆక్సైడ్, అంటే ఎక్కడో గాలి తగిలింది. స్కాన్ మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి ఇవే పీకులు తీయండి, ఎక్స్‌రే కిందే అయాన్లు రెడ్యూస్ అయిపోవడం మామూలు.

వేరే జంటలకీ ఇలాంటి ఇరుకులున్నాయి. అల్యూమినా మీద ప్లాటినం అయితే ప్లాటినం 4ఎఫ్ మీద అల్యూమినియం 2పీ పడుతుంది, అందుకే బలహీనమైనా 4డీ వాడతారు. జిర్కోనియా మీద పలాడియం అయితే జిర్కోనియం 3పీ వచ్చి 3డీ పక్కన కూర్చుంటుంది. సపోర్ట్‌ని ఎంచుకునేటప్పుడే ఈ పట్టిక ఒకసారి చూసుకోండి.

పైపొరను నేరుగా అడగాలంటే దానికి మాత్రమే అంటుకునే అణువును పంపాలి. కార్బన్ మోనాక్సైడ్, ల్యాబ్ భాషలో సీఓ. ఇది లోపలి పరమాణువుల్ని చూడదు, బయట ఉన్నవాటినే పట్టుకుంటుంది, దేన్ని ఎలా పట్టుకుందో దాని ఇన్‌ఫ్రారెడ్ కంపనం చెప్తుంది. డ్రిఫ్ట్స్ సెల్ (పొడి మీద పడి చెదిరిన ఇన్‌ఫ్రారెడ్ కాంతిని కొలిచేది) ఉంటే చాలు, ఎక్స్‌పీఎస్ కంటే చౌక, నాకు ఈ మొత్తంలో ఇష్టమైన కొలత కూడా ఇదే.

సెల్‌లో పొడి వేసి హైడ్రోజన్‌లో 250 నుంచి 300 డిగ్రీల దగ్గర ఓ గంట ఉంచండి. తర్వాత అదే వేడిలో హీలియం లేదా ఆర్గాన్ అరగంట పంపాలి, ఇది తొందరపడి వదిలేస్తే పలాడియం మీద హైడ్రోజన్ మిగిలిపోయి సీఓకి చోటివ్వదు. 30 డిగ్రీలకు చల్లార్చి బ్యాక్‌గ్రౌండ్ తీసి, హీలియంలో 1 శాతం సీఓ వదిలి నిమిషానికో స్పెక్ట్రమ్ తీస్తూ పోండి. 4 సెం.మీ.⁻¹ రిజల్యూషన్, 64 స్కాన్లు సరిపోతాయి. ఇరవై నిమిషాల తర్వాత సీఓ ఆపి హీలియం పంపుతూ మళ్లీ తీయండి. సీఓకి వాసన లేదు, ప్రాణం తీస్తుంది. ఎగ్జాస్ట్ పైపు ఫ్యూమ్‌హుడ్‌లోకి పెట్టకుండా, పక్కన అలారం లేకుండా సిలిండర్ తెరవొద్దు. స్టీలు సిలిండర్‌లోని సీఓలో ఐరన్ కార్బొనిల్ ఏర్పడి వచ్చి మీ శాంపిల్ మీద ఇనుము పూస్తుంది, కాబట్టి దారిలో ట్రాప్ పెట్టండి లేదా అల్యూమినియం సిలిండర్ తెప్పించండి.

స్పెక్ట్రమ్‌లో చూడాల్సింది ఇది. 2050 నుంచి 2100 సెం.మీ.⁻¹ మధ్య ఉన్నది ఒకే పలాడియం పరమాణువు మీద నిటారుగా నిలబడ్డ సీఓ. 1900 నుంచి 2000 మధ్యది రెండు పలాడియంల మధ్య వంతెనలా ఉన్నది. 1900 కంటే కింద ఉన్నది మూడు పలాడియంల గుంటలో కూర్చున్నది. బంగారం మీద ఉన్నది 2100–2120 దగ్గర వస్తుంది, బలహీనం, హీలియం పంపగానే పోతుంది. వాయువుగా ఉన్న సీఓ కూడా 2143కి అటూ ఇటూ రెండు గుట్టలుగా కనిపిస్తుంది, ఒకటి సరిగ్గా బంగారం పీక్ మీదే పడుతుంది, కాబట్టి లోహం లేని ఒట్టి కేబీఆర్ (పొటాషియం బ్రోమైడ్) పొడి మీద అదే సీఓతో తీసిన స్పెక్ట్రమ్‌ని తీసివేయాలి. ఒట్టి పలాడియంలో వంతెన పీకులు పెద్దగా ఉంటాయి. బంగారం పెరిగేకొద్దీ గుంట పీక్ ముందు పోతుంది, తర్వాత వంతెన పోతుంది, చివరికి నిటారు పీక్ ఒక్కటే మిగులుతుంది. వంతెన పూర్తిగా మాయమైందంటే పక్కపక్కన రెండు పలాడియంలు దాదాపు లేవని అర్థం. గుడ్‌మన్ బృందం చెప్పిన ఆ ఎడంగా ఉన్న పరమాణువుల్ని వెతికేది ఇక్కడే.

కానీ పీకుల విస్తీర్ణాలని భాగించి "70 శాతం విడి పలాడియం" అని రాయకండి. నిటారు సీఓ, వంతెన సీఓ కాంతిని ఒకే మోతాదులో పీల్చవు. పైగా దగ్గరదగ్గరగా ఉన్న సీఓలు ఒకదానితో ఒకటి కలిసి కంపించి తక్కువ పౌనఃపున్యం పీక్ బలాన్ని ఎక్కువ పౌనఃపున్యం పీక్‌కి ఇచ్చేస్తాయి. ఒకే పద్ధతిలో చేసిన శాంపిళ్ల వరసలో ఏది పెరిగింది ఏది తగ్గింది అని పోల్చడానికి ఇది బాగా పనికొస్తుంది, విడిగా ఒక శాతం చెప్పడానికి పనికిరాదు.

శాతమే కావాలంటే లీస్ ఉంది, తక్కువ శక్తి అయాన్లను చెదరగొట్టే పద్ధతి. కొన్ని కిలో ఎలక్ట్రాన్ వోల్టుల హీలియం అయాన్ మొదటి పొర పరమాణువును ఢీకొని వెనక్కి వస్తుంది, క్యారమ్స్‌లో తేలికైన కాయిన్ వచ్చి బరువైన స్ట్రైకర్‌ని కొట్టినట్టే, ఢీకొన్నది ఎంత బరువైతే అంత తక్కువ శక్తి పోతుంది. 3 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల హీలియం 145 డిగ్రీల కోణంలో తిరిగొస్తే పలాడియం నుంచి 2.62, బంగారం నుంచి 2.79 దగ్గర పీకులు వస్తాయి, విడిగా స్పష్టంగా. లోపలికి దూరిన హీలియం చాలా మటుకు తన చార్జి పోగొట్టుకుంటుంది కాబట్టి అయాన్‌గా తిరిగొచ్చిన పీక్ పైపొరదే. ఒట్టి పలాడియం రేకు, ఒట్టి బంగారం రేకు మీద అదే రోజు కొలిచి సెన్సిటివిటీ తెచ్చుకోండి. పొడి గరుకుగా ఉన్నందువల్ల రెండు పీకులూ ఇంచుమించు ఒకేలా తగ్గుతాయి, నిష్పత్తి పెద్దగా చెడదు. చదరపు సెంటీమీటరుకు ఒక పొరలో 10¹⁵ పరమాణువులుంటాయి, మీ అయాన్ డోసు దానికి పదో వంతు, 10¹⁴ దాటకూడదు, దాటితే కొలుస్తున్న పొరనే చెక్కేస్తున్నారు. అందుకే ఎక్స్‌పీఎస్ ముందు, లీస్ తర్వాత. ఈ మిషన్లు తక్కువచోట్ల ఉన్నాయి, దొరక్కపోతే సీఓ కెమిసార్ప్షన్‌తో (శాంపిల్ ఎంత సీఓని పట్టుకుందో కొలవడం) బయట ఉన్న పలాడియం పరమాణువుల లెక్క కట్టి టెమ్ సైజుతో కలిపి చూడండి, అంత ఖచ్చితం కాకపోయినా అబద్ధం చెప్పదు.

ఇంకో పెద్ద సంగతి, పైపొర కదులుతుంది. బంగారానికి ఉపరితల శక్తి తక్కువ కాబట్టి వాక్యూమ్‌లో వేడి చేస్తే అది పైకి వస్తుంది. సీఓ పలాడియాన్ని గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి సీఓలో ఉంచితే పలాడియం పైకి వస్తుంది. 2008లో బర్క్‌లీలో గాబర్ సొమొర్జాయ్, మికెల్ సాల్మెరాన్ బృందాలు రోడియం–పలాడియం రేణువుల్ని వాయువులోనే ఉంచి సింక్రోట్రాన్ (చాలా బలమైన ఎక్స్‌రేలిచ్చే పెద్ద యంత్రం) ఎక్స్‌పీఎస్‌తో చూస్తే, నైట్రిక్ ఆక్సైడ్‌లో రోడియం పైకి, దానికి సీఓ కలిపితే పలాడియం పైకి, మళ్లీ తిరగేస్తే తిరగబడింది. అందుకే పైన నిమిషానికో స్పెక్ట్రమ్ తీయమన్నాను. సీఓ వదిలిన కొన్ని నిమిషాల్లో పీకులు స్థిరపడితే మీరు చూస్తున్నది హైడ్రోజన్ తయారుచేసిన ఉపరితలం. ఇరవై నిమిషాలైనా పలాడియం పీకులు పెరుగుతూనే ఉంటే, మీరు కొలవడానికి పంపిన సీఓయే ఉపరితలాన్ని మారుస్తోంది. అప్పుడు మొదటి నిమిషం స్పెక్ట్రమ్‌ని నమ్మండి, లేదా చల్లబరిచి కొలవండి.

మూడు కొలతలూ వచ్చాక ఒకదానికొకటి అడ్డంగా పెట్టి చూడాలి. ఐసీపీ 50, ఎక్స్‌పీఎస్ 58, లీస్ 85 శాతం బంగారం అని వస్తే అవి కొట్టుకోవడం లేదు, లోతు తగ్గేకొద్దీ బంగారం పెరుగుతోంది, సీఓలో వంతెన పీక్ లేకపోవడం దానికి సాక్ష్యం. ఐసీపీ 50, ఎక్స్‌పీఎస్ 50, లీస్ 50 వచ్చి, సీఓలో వంతెన పీక్ ఒట్టి పలాడియంలో ఉన్నంత ఉంటే మాత్రం లోహాలు అసలు కలవలేదేమో, ఆ ఉత్త మిశ్రమం స్పెక్ట్రమ్ పక్కన పెట్టి పోల్చండి, ఎక్స్‌ఆర్‌డీలో (స్ఫటికాల నుంచి ఎక్స్‌రేలు ఏ కోణంలో చెదురుతాయో చూసే పద్ధతి) 38.2 డిగ్రీల దగ్గర బంగారం, 40.1 దగ్గర పలాడియం విడివిడిగా ఉన్నాయేమో చూడండి. ఇండోర్‌లోని ఇండస్-2 సింక్రోట్రాన్‌లో సమయం దొరికితే ఎక్సాఫ్స్ అనే ఎక్స్‌రే కొలతతో బంగారానికి ఎన్ని పొరుగు పరమాణువులున్నాయో కూడా తెలుస్తుంది, బయట ఉన్న లోహానికి పొరుగులు తక్కువ.

పేపర్‌లో రాసేటప్పుడు "ఉపరితలంలో బంగారం 85 శాతం" అని ఆపకండి. ఏ వాయువులో, ఎంత వేడిలో, ఎంతసేపు ఉంచాక, ఏ పద్ధతితో కొలిచారో అదే వాక్యంలో రాయండి: "5 శాతం హైడ్రోజన్‌లో 300 డిగ్రీల దగ్గర గంట ఉంచి, గాలి తగలకుండా మార్చి, లీస్‌తో కొలిస్తే 85 శాతం". రియాక్షన్ అయ్యాక వాడిన క్యాటలిస్ట్ మీద కూడా ఇదే వరస మళ్లీ చేయండి, దానికోసం మొదటి బ్యాచ్‌లోంచే ఓ గ్రాము ఆర్గాన్‌లో సీల్ చేసి, డేటు రాసి పక్కన పెట్టుకోండి.